మెత్తని ఇనుప శీల

శిబిరం గేటు దగ్గర నేను మొదట చేసే పని కళ్లజోడు తీసేయడం. దాన్ని చెక్కపెట్టెలో పెట్టి బల్ల కింద దాచేస్తాను. ఒస్ట్రోగూరా కోట ముట్టడి జరిగింది 1414లో. అప్పటికి ప్లాస్టిక్ ఫ్రేములు లేవు. కాబట్టి ప్రతి జూలైలో ఆ ముట్టడిని మళ్లీ ఆడి చూపించే మూడు రోజులూ గేటు లోపల ఎవరూ కళ్లజోడు పెట్టుకోకూడదు. ఈ రూలు రాసింది నేనే. రాసినవాడు ముందు పాటించాలి కదా.

జోడు తీయగానే పదడుగుల అవతలి మనుషులు రంగు మరకలైపోతారు. గుడారాలూ గుర్రాలూ కోట గోడా ఒకదానిలోకి ఒకటి కారిపోతాయి. ఇబ్బందే. కానీ ఆ ఇబ్బంది నాకు ఇష్టమని ఒప్పుకోవాలి. చూపు తగ్గితే వేళ్లకు తెలివి వస్తుంది. చొక్కా కుట్టు మీద బొటనవేలు పోనిస్తే అది చేతి కుట్టో మిషన్ కుట్టో చెప్పగలను. కత్తి అంచు మీద పోనిస్తే దాని మందం చెప్పగలను. సరైన వస్తువుకి చిన్న సీసపు ముద్ర నొక్కి లోపలికి పంపిస్తాను. సరికానిదాన్ని వెనక్కి పంపిస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే నా పని. మిగిలిన ఏడాదంతా జిల్లా రికార్డు ఆఫీసులో చిరిగిన దస్తావేజులు అతుకుతాను. నాకు పెళ్లి కాలేదు. ఈ ముట్టడి ఆడే మా దళంలో అందరూ నన్ను కాయెటన్ గారూ అని పిలుస్తారు. వెనకాల దారాలాయన అంటారు. కొందరు ముందే అంటారు.

"దారాలాయనా, ఈసారి నా లోదుస్తులు కూడా చూస్తారా?"

అది ఫెలిక్స్ గొంతు. పోయిన ఏడాది శుక్రవారం పొద్దున, వరుసలో నాలుగోవాడు. నగరంలో తొమ్మిదో నంబరు బస్సు నడిపేవాడు. ముప్పై ఆరేళ్లుంటాయి. నోరు ఊరుకోదు.

"చూడమంటే చూస్తాను. ఎలాస్టిక్ ఉంటే ఇంటికి పంపిస్తాను," అన్నాను.

వరుసలో నవ్వారు. ఫెలిక్స్ వెనక తలుపంత వెడల్పున మరో మరక నిలబడి ఉంది. అది హూబెర్ట్. రొట్టెల దుకాణం నడుపుతాడు. వాళ్లిద్దరూ చిన్నప్పటి నుంచి స్నేహితులు, శిబిరంలో మాత్రం శత్రువులు. ఫెలిక్స్ కోటను కాపాడే పోలిష్ సైనికుడు. హూబెర్ట్ నల్ల శిలువ దొరల తరఫున దాడికి వచ్చేవాడు.

"వీణ్ణి బాగా తడిమి చూడండి కాయెటన్ గారూ," అన్నాడు ఫెలిక్స్ వెనక్కి చూపిస్తూ. "ఈ పిండిముద్ద కవచం కింద ఏదో దాచుకొస్తున్నాడు. లేకపోతే ఇంత పొట్ట ఎలా వస్తుంది?"

"నీ పెళ్లిలో తిన్న కేకు అది," అన్నాడు హూబెర్ట్ మెల్లగా. "చేసిందీ నేనే, తిన్నదీ నేనే. నువ్వు తాగి పడిపోయావు."

మళ్లీ నవ్వులు. నేను ఫెలిక్స్ శిరస్త్రాణాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. కొత్తది. మా ఊరి కవచాల కమ్మరి జెనోన్ ఆ చలికాలమంతా కూర్చుని చేశాడు. ముఖకవచం కుక్కమూతిలా ముందుకు సాగి ఉంది. కళ్ల దగ్గర రెండు సన్నని చీలికలు. రెండు కణతల మీదా రెండు ఇరుసులు. వాటి ఆధారంగా ముఖకవచం పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. ఎడమ ఇరుసు బాగుంది. కుడి ఇరుసు మీద వేలు పోనిస్తే గుండ్రటి తల తగిలింది. తల మధ్యలో సన్నని గాటు.

స్క్రూ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ క్షణాన నాకు కలిగింది కోపం కాదు, సంతోషం. మెడ వెనక నుంచి వేళ్ల దాకా పాకిన చిన్న వెచ్చదనం. దొరికాడు అన్న సంతోషం. ఆ సంతోషాన్ని తరవాత ఎన్నో రోజులు తిప్పి తిప్పి చూసుకున్నాను. అది వేరే ఏదైనా అయ్యుంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. కాదు. అది సంతోషమే.

జెనోన్‌ని పిలిపించాను. నలభై ఏళ్లు సుత్తి దెబ్బలు వినీ వినీ అతనికి చెవులు మందగించాయి.

"స్క్రూ," అన్నాను.

"ఏంటి?"

"స్క్రూ జెనోన్, కుడి కణత మీద!"

"ఆ. ఉంది. గట్టిగా పట్టుకుంటుందని పెట్టాను. పైన మసి కూడా పూశానే. మీకెలా కనబడింది?"

"కనబడలేదు. తగిలింది."

"మీ వేళ్లు కోసెయ్యాలి," అన్నాడు జెనోన్, ఏ కోపమూ లేకుండా.

"అప్పట్లో స్క్రూలు లేవు. ఇనుప శీల వేసేవాళ్లు. తీసేసి శీల వెయ్యి."

"వేస్తాను, షాపుకెళ్లాక. గట్టి శీల కావాలంటే ఉక్కు కాల్చాలి, నూనెలో ముంచాలి. ఇక్కడ కొలిమి ఎక్కడుంది? నా దగ్గరున్నది గుడారానికి చుట్టే మెత్తని తీగ. చేత్తో వంచితే వంగుద్ది."

"1414లో వేసిందీ మెత్తని ఇనుమే."

"1414లో దెబ్బ తిన్నోడు వచ్చి నా తలుపు కొట్టడు కదా," అన్నాడు జెనోన్.

"వేసెయ్ బాబాయ్," అన్నాడు ఫెలిక్స్ విసుగ్గా. "రెండు రోజుల పని. నన్ను కొట్టేది ఎవరు, ఈ పిండిముద్దేగా. వీడు కొడితే దోమ కుట్టినట్టుంటది."

మా రూళ్ల పుస్తకంలో పదిహేడో అంశం ఒకటుంది. భద్రత కోసం అవసరమైతే, తనిఖీ చేసేవాడు ఏదైనా వస్తువుని ఒక ఏడాదికి మినహాయించవచ్చు. అదీ నేను రాసిందే. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ వాడలేదు. ఆ పొద్దున అది నాకు గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు. గుర్తు వచ్చింది. శీల మెత్తనిదని జెనోన్ అన్నప్పుడే ఆ అంశం, దాని నంబరుతో సహా, బుర్రలో మెదిలింది. నేను దాన్ని పక్కకు పెట్టాను. ఒకసారి వాడితే ప్రతివాడూ అడుగుతాడు అనుకున్నాను.

గంటలో జెనోన్ తిరిగొచ్చాడు. స్క్రూ ఉన్నచోట చక్కటి శీల, చివర సుత్తితో కొట్టి వెడల్పు చేసి ఉంది. వేలు పెట్టి చూశాను. అచ్చం పాత రాతబల్ల పెట్టె మూతకుండే శీలలా ఉంది. చాలా నచ్చింది. ముద్ర నొక్కాను.

శనివారం మధ్యాహ్నం మూడింటికి యుద్ధం మొదలైంది. నేను గట్టు మీద, తాడు ఇవతల నిలబడ్డాను. కింద గడ్డిమైదానంలో తెల్లగుడ్డలూ ఎర్రగుడ్డలూ కలిసిపోతున్నాయి, విడిపోతున్నాయి. నాకు వినపడేదే ఎక్కువ. రేకు మీద రేకు, చెక్క మీద రేకు. ఆ గోలలో ఒక చిన్న 'టక్' విన్నానని ఇప్పుడు అనిపిస్తుంది. నిజంగా విన్నానో, తరవాత కల్పించుకున్నానో చెప్పలేను.

మా యుద్ధంలో చచ్చిపోవడానికి ఒక పద్ధతి ఉంది. గట్టి దెబ్బ తగిలిందని ఎవరికి వాళ్లే ఒప్పుకుని కింద పడతారు. బూర ఊదేదాకా కదలకూడదు. ఎండ ఎక్కువైతే కొందరు తొందరగా చచ్చిపోయి చెట్టునీడలో పడుకుంటారు. ఫెలిక్స్ పడ్డప్పుడు పక్కన చచ్చి పడున్నవాడు "బాగా పడ్డావురా, అరిచింది కూడా బాగుంది" అన్నాడట గుసగుసగా. గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. హూబెర్ట్ మోకాళ్ల మీద కూలబడి తన శిరస్త్రాణం తీసి విసిరేశాడు. యుద్ధం మధ్యలో అలా తీయడం రూలుకి విరుద్ధం. అది చూసినప్పుడే, ఏదో జరిగిందని మిగిలినవాళ్లకు అర్థమైంది. అప్పటికి నాలుగైదు నిమిషాలు గడిచిపోయాయి.

జరిగింది ఇది. హూబెర్ట్ పైనుంచి కొట్టిన దెబ్బ కుక్కమూతి మీద తగిలింది. కుడి ఇరుసులోని శీల తెగింది. ముఖకవచం ఒకే బందు మీద తలుపులా ఎడమ పక్కకు వేలాడింది. రెండో దెబ్బ అప్పటికే బయలుదేరింది. కత్తి మొన ఫెలిక్స్ కుడి కంట్లోకి దిగింది.

జెనోన్ అంబులెన్సులో ఫెలిక్స్ వెంట వెళ్లాడు. ఆ సాయంత్రం ఎండ ఉండగానే దళపతి గుడారంలో విచారణ జరిగింది. మా దళపతి యాద్విగ, రిటైరైన స్టేషన్ మాస్టరు. ఆవిడ మాట రైలు కూతలా ఒకేసారి వినిపిస్తుంది.

"హూబెర్ట్, పొడిచావా, కొట్టావా?"

ముఖం మీద పొడవడం మాలో నిషేధం.

"తెలీదమ్మా. చెయ్యి ఆగలేదు," అన్నాడు హూబెర్ట్. అతని గొలుసు కవచం మీద నెత్తురు ఆరి నల్లబడింది.

ఎవరో శిరస్త్రాణం తెచ్చి బల్ల మీద పెట్టారు. తెగిన శీలను చూశారు. "శీల తెగేంత దెబ్బ కొట్టాడంటే వీడికి ఒళ్లు తెలీలేదు," అన్నారొకరు. తలలూగాయి. గేటు దగ్గరి స్క్రూ సంగతి ఎవరూ ఎత్తలేదు. శీల నా మీద సాక్ష్యం చెప్పాల్సింది, హూబెర్ట్ మీద చెప్పింది. యాద్విగ నా వైపు తిరిగింది.

"కాయెటన్ గారూ, తనిఖీలో ఇది సరిగ్గానే ఉందా?"

"ఉంది. ముద్ర వేశాను," అన్నాను.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నేను అబద్ధాలాడేవాణ్ణి కాదు. ఎంత మాట కావాలో అంతే చెప్పి ఆగిపోవడం నాకు వృత్తి నేర్పింది.

హూబెర్ట్ డాలును అగ్నిమాపక కేంద్రం హాల్లో, మా దళం సమావేశమయ్యే చోట, గోడకి తలకిందులుగా వేలాడదీశారు. మాలో తప్పు చేసినవాడికి అదే శిక్ష. డిసెంబరు సభలో ఓటు వేసి, దాన్ని మళ్లీ నిలబెట్టాలా, లేక అతని పేరు శాశ్వతంగా కొట్టేయాలా తేలుస్తామన్నారు. అంటే నోరు విప్పడానికి నాకు అయిదు నెలల గడువు దొరికింది.

ఆదివారం జెనోన్ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాడు.

"కన్ను తీసేశారు," అన్నాడు.

బల్ల మీదున్న సీసపు ముద్రను వేలితో పక్కకు జరిపాడు.

"మీరు చెప్తే నేనూ చెప్తాను. మీరు చెప్పకపోతే నేను మొదలెట్టను. చేసిన చేతులు నావి కదా," అన్నాడు గట్టిగా. చెవులు వినపడనివాళ్లు రహస్యాలు కూడా గట్టిగానే చెబుతారు. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. నాకు ముందు కలిగింది ఉపశమనం. దానికి సిగ్గుపడటం తరవాత జరిగింది.

అక్టోబరులో హూబెర్ట్ దుకాణానికి వెళ్లాను. అతను పొయ్యిలోంచి ఉల్లిపాయ రొట్టెలు తీస్తున్నాడు. చిక్కిపోయాడు. నాకొక రొట్టె పెట్టి ఎదురుగా పిండి బల్ల మీద చేతులానించి నిలబడ్డాడు.

"హూబెర్ట్, అది నీ తప్పు కాదు. శీల మెత్తనిది. నీ ముందే నేను స్క్రూ తీయించాను. మినహాయించే అధికారం ఉండి కూడా తీయించాను."

అతను బల్ల మీది పిండిని అరచేత్తో ఒక పక్కకు తుడిచాడు.

"మీరు మంచోరు. కానీ నేను పొడిచాను," అన్నాడు.

"జూలైలో తెలీదన్నావు."

"అప్పుడు గుర్తు రాలేదు. తరవాత కొంచెం కొంచెం వచ్చింది. గేటు దగ్గర నన్ను పిండిముద్ద అన్నాడు, మీరూ విన్నారు. చిన్నప్పటి నుంచీ అదే పేరు. బళ్లో అదే, చర్చిలో అదే, నా పెళ్లాం ముందు అదే. ముఖకవచం పక్కకు పోయింది. ముఖం కనబడింది. నవ్వుతున్నాడు. అప్పుడు పొడిచాను."

"నవ్వుతున్నాడా?"

"నవ్వుతున్నాడు. పన్నుమీద పన్ను కూడా కనబడింది."

ఫెలిక్స్‌కి పన్నుమీద పన్ను ఉన్న మాట నిజమే. కానీ అతను ఆ రోజు శిరస్త్రాణం కింద గొలుసు తొడుగు వేసుకున్నాడు. అది మెడ నుంచి పైపెదవి దాకా కప్పేస్తుంది. పళ్లు కనబడే వీలు లేదు. ఆ తొడుగుకీ ముద్ర వేసింది నేనే.

చిరిగిన దస్తావేజులో పోయిన చోట మేము కొత్త కాగితం అతుకుతాం. టీ నీళ్లతో పాత రంగు వేస్తాం. బాగా అతికితే కొన్నాళ్లకు అతికినవాడికి కూడా అతుకు ఎక్కడుందో తెలీదు. హూబెర్ట్ చేసింది అదే. అయిదు క్షణాలు చిరిగి పోయాయి. అక్కడ కోపాన్ని అతికించుకున్నాడు. ఎందుకంటే కారణం లేకుండా స్నేహితుడి కన్ను పోవడం కన్నా, తను దుర్మార్గుడు కావడమే అతనికి అర్థమయ్యే విషయం. ఇదంతా అతనికి చెప్పాలనుకున్నాను. గొలుసు తొడుగు సంగతి చెప్పాను.

"తొడుగు జారుంటుంది," అన్నాడు హూబెర్ట్. "తినండి, చల్లారిపోతుంది."

నవంబరు చివర్లో ఫెలిక్స్‌ని బస్సు డిపోలో కలిశాను. నల్ల అద్దం ఉన్న కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. చిన్న గదిలో టికెట్ మిషన్లకు కాగితం చుట్టలు ఎక్కిస్తున్నాడు.

"రండి దారాలాయనా. ఈ కళ్లజోడు పాసా, ఫెయిలా?"

నేను అతని ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాను.

"లైసెన్స్ లాక్కున్నారు. బండి నడపకుండా బండ్ల మధ్య కూర్చోవడం ఎలా ఉంటుందో తెలుసా? పెళ్లివారింట్లో గిన్నెలు తోమినట్టుంటుంది. చెప్పండి, ఏం పని మీద వచ్చారు?"

చెప్పాను. అతను విన్న స్క్రూ, శీల సంగతీ, అతనికి తెలీని పదిహేడో అంశం సంగతీ. డిసెంబరు సభలో ఇదంతా చెబుతానన్నాను. ముందుగా అతనికి చెప్పడం న్యాయమనిపించిందన్నాను. అతను చేతిలోని కాగితపు చుట్టను మెల్లగా విప్పి, మళ్లీ చుట్టాడు.

"చెప్పకండి," అన్నాడు.

"హూబెర్ట్ పేరు కొట్టేస్తారు ఫెలిక్స్."

"వాణ్ణి నేను క్షమించాను. ఆసుపత్రిలోనే క్షమించాను. వాడు వారానికోసారి మా ఇంటికి రొట్టెలు తెస్తాడు. ఇద్దరం కూర్చుంటాం. క్షమించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా కాయెటన్ గారూ. మీరది తీసేస్తే మేమిద్దరం ఏం మాట్లాడుకోవాలి?"

"నిజం..."

"ఆగండి. బార్‌లో నన్ను అడుగుతారు, కన్నేమైందని. కత్తి దెబ్బ అంటాను. నవ్వుతారు. జోడు తీసి చూపిస్తాను. అప్పుడు నవ్వు ఆగుతుంది, బీరు వస్తుంది. ఈ దేశం మొత్తం మీద యుద్ధంలో కత్తి దెబ్బకి కన్ను పోయినవాడు ఇంకొకడున్నాడా? నాకు మిగిలింది అదొక్కటే. ఇప్పుడు మీరొచ్చి స్క్రూ అంటున్నారు." అతని గొంతు మొదటిసారి పెరిగింది. "తనిఖీ బల్ల దగ్గర పోయిందని చెప్పుకోమంటారా నన్ను? ఒక ముసలాయన వేలు పెట్టి చూశాడు, అందుకు పోయిందని?"

బయట బస్సు ఒకటి వెనక్కి వెళుతూ కూత పెట్టింది. ఫెలిక్స్ తల దానంతటదే ఆ శబ్దం వైపు తిరిగింది. కన్ను లేని పక్క కాబట్టి చాలా దూరం తిప్పాల్సి వచ్చింది.

ఇంటికి నడిచి వచ్చాను. ఆ రెండు వారాలు నన్ను నేను బాగా పరిశీలించుకున్నాను. చెబితే హూబెర్ట్‌కి తను నమ్ముకున్న తప్పు పోతుంది, ఫెలిక్స్‌కి తను చెప్పుకుంటున్న యుద్ధం పోతుంది. ఒకడు వద్దంటున్నాడు, ఒకడు నమ్మనంటున్నాడు. ఇద్దరి మాటా వినడం దయ అనిపించుకుంటుంది. ఆ దయ నాకు ఎంత సౌకర్యంగా ఉందో గమనించాను. కవచం కింద వేసుకోవడానికి సరిగ్గా నా కొలతకు కుట్టిన బొంత కోటులా ఉంది. ఎక్కడా బిగుసుకోవడం లేదు. అందుకే దాన్ని నమ్మలేకపోయాను.

డిసెంబరు రెండో ఆదివారం సభ. అగ్నిమాపక కేంద్రం హాల్లో బల్లలు కలిపి వేశారు. గాజు గ్లాసుల్లో కాఫీ. గసగసాల రొట్టె ప్రతి ఏడూ హూబెర్ట్ తెచ్చేవాడు, ఈసారి ఎవరో కొనుక్కొచ్చారు. ఎవరూ రెండో ముక్క తీసుకోలేదు. హూబెర్ట్ రాలేదు. ఫెలిక్స్ తలుపు పక్కన కుర్చీలో, ఒళ్లో సంచితో కూర్చున్నాడు.

హాలు శిబిరం కాదు కాబట్టి నా కళ్లజోడు ముక్కు మీదే ఉంది. గోడ మీది డాలును మొదటిసారి స్పష్టంగా చూశాను. దాని మీద హూబెర్ట్ తన చేత్తో వేసుకున్న తెల్ల బాతు ఉంది. వెనక నీలం రంగు కొత్తకాలపు రంగని నేను మూడుసార్లు వెనక్కి పంపితే మూడుసార్లు మళ్లీ వేసుకొచ్చాడు. తలకిందులైతే బాతు మెడ కిందికి వేలాడుతోంది. మాంసం కొట్లో కొక్కేనికి తగిలించినట్టుంది. దాన్ని చూస్తూ ఉండగానే యాద్విగ ఓటు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను లేచి నిలబడ్డాను.

ఒక్క గుక్కలో చెప్పేశాను. స్క్రూ దొరికినప్పుడు సంతోషపడ్డానని కూడా చెప్పాను. అది చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగలేదు.

"ఏమంటున్నాడు?" అన్నాడు జెనోన్. పక్కవాడు అతని చెవిలో అరిచాడు. జెనోన్ తలూపాడు. "అవును. వేసింది నేనే. మెత్తనిదని చెప్పాను కూడా." అని రెండు చేతులూ బల్ల మీద, అందరికీ కనబడేలా పెట్టాడు.

యాద్విగ రూళ్ల పుస్తకం తిప్పింది. "పదిహేడు... ఉంది. నేనెప్పుడూ చూడలేదు దీన్ని." తల ఎత్తింది. "అయినా కాయెటన్ గారూ, రూలు రూలే కదా. స్క్రూ తీయించారు. మీ తప్పేముంది?"

చుట్టూ అవునవునన్నారు. ఎవరో "ఆయన లేకపోతే మన శిబిరం తిరనాళ్ల బజారు అయిపోయేది" అన్నారు. వాళ్లు నా మీదికి వస్తారని నేను సిద్ధపడి వచ్చాను. వాళ్లు నా భుజం తట్టారు. అంతకన్నా ఒంటరిగా నేనెప్పుడూ నిలబడలేదు.

ఓటు వేశారు. డాలు నిలబెట్టడానికి ఏడుగురు, వద్దని నలుగురు. ఇద్దరు కుర్చీ ఎక్కి డాలు దించి తిప్పి తగిలించారు. బాతు ఎప్పటిలా ఎడమకి చూస్తూ నిలబడింది.

ఫెలిక్స్ లేచాడు. నా దగ్గరకొచ్చి సంచి బల్ల మీద పెట్టాడు. గసగసాల రొట్టె పళ్లెం పక్కకు జరిగింది.

"ఇది మీదే. మీ ముద్రుంది దీని మీద."

"ఫెలిక్స్..."

"ఇప్పుడు నాకేమైందని అడిగితే ఏం చెప్పాలో మీరే రాసి పెట్టండి. మీరు బాగా రాస్తారు కదా."

వెళ్తూ వెళ్తూ కుడి భుజం తలుపు చట్రానికి కొట్టుకున్నాడు. అటు పక్క అతనికి కనబడదు. ఒక్క క్షణం చట్రాన్ని పట్టుకుని నిలబడి, ఎవరి సాయమూ తీసుకోకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు హూబెర్ట్‌కి ఫోన్ చేసి ఓటు సంగతి చెప్పాను. "సరే," అన్నాడు. తరవాత "పొయ్యిలో రొట్టెలున్నాయండి" అని పెట్టేశాడు. డాలు తీసుకోవడానికి రాలేదు. ఫిబ్రవరిలో హాలుకు సున్నం వేసినప్పుడు పనివాళ్లు దాన్ని దించి గోడకి ఆనించారట. ఇంకా అక్కడే ఉందని విన్నాను. ఫెలిక్స్ ఇంటికి రొట్టెలు వెళ్తున్నాయో లేదో తెలీదు. అడగలేదు. వచ్చే జూలైలో గేటు దగ్గర కూర్చోలేనని యాద్విగకి ఉత్తరం రాశాను. అలసిపోయారు, విశ్రాంతి తీసుకోండి అని జవాబొచ్చింది.

శిరస్త్రాణం నా గదిలో, రాతబల్ల మీద ఉంది. కుడి ఇరుసులో శీల లేదు. చిన్న రంధ్రం, లోపల తుప్పు మొదలైంది. అంచున నా సీసపు ముద్ర అలాగే ఉంది. ముఖకవచం ఎడమ బందు మీద వేలాడుతుంటుంది. కొన్ని సాయంత్రాలు ఆఫీసు నుంచి రాగానే కళ్లజోడు తీసేసి, దాన్ని ఎత్తి దాని చోట పెడతాను. కళ్ల చీలికలు రెండూ సమంగా కుదురుతాయి. చెయ్యి తీస్తే పక్కకు వాలిపోతుంది. అందుకని చెయ్యి తీయకుండా కూర్చుంటాను.